మొక్కు లేని ప్రయాణం

మా వైపు ఆడది వారం రోజులు ఇల్లు వదిలి పోవాలంటే దేవుడి పేరు చెప్పాలి. మొక్కుంది, కొండకు నడిచి పోతున్నా అంటే దారి పొడవునా మజ్జిగ ఇస్తారు. నడవడం ఇష్టమై పోతున్నా అంటే ఇంట్లో ఏమైనా గొడవా అని అడుగుతారు. మా ఆయన మాత్రం ఏటా స్నేహితులతో అడవులు పట్టుకుని తిరిగొస్తాడు. ఏ గుడికి పోయొచ్చినావప్పా అని ఆయన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అందుకే నిరుడు చలికాలంలో నేనూ పట్టుబట్టాను. తలకోన అడవిలో నడక, కార్వేటినగరంలో పాడుబడిన మహలు, చివరగా పులికాట్‌లో పక్షులు. వారమంతా ఒక్క గుడి మెట్టు కూడా ఎక్కేది లేదని ముందే చెప్పాను. నాకు దేవుడి మీద కోపమేమీ లేదు. ఆయనతో పని పెట్టుకోకుండా ఒక్కసారి ఊళ్లు తిరగాలని ఉండింది. మా ఆయన సరేనన్నాడు. అని, చిత్తూరు దాటగానే కారును ఐరాల వైపు తిప్పాడు. వాళ్లక్క ఉండేది అక్కడే.

"అక్కను గూడా పిల్సుకోని పోదాంలే. పాపం, యాడికీ పోదు" అన్నాడు.

వదిన అప్పటికే సంచి సర్దుకుని అరుగు మీద కూర్చుని ఉంది. అంటే అక్కాతమ్ముళ్లు ముందే మాట్లాడుకున్నారన్నమాట. నాకు ఒళ్లు మండింది. ఆమె గడప దిగుతుంటే, పెళ్లీడు దాటిపోతున్న కొడుకు లోపల్నుంచే "ఏ గుడికిమా?" అని అడిగాడు. "కాణిపాకం. ఇంకా శానా ఉండాయిలే" అంది వదిన. భర్త పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పెత్తనమంతా కొడుకుదే.

మొదటి రోజు కాణిపాకం క్యూలోనే గడిచిపోయింది. తలకోనలో జలపాతం దారి పట్టబోతుంటే, కింద శివుడి గుడి ఉందని వదిన ఆగిపోయింది. గుడి ముందు నిలబడి నాతో ఫోటో తీయించుకుంది. దాన్ని కొడుక్కి పంపితే గాని కదల్లేదు. భక్తి కూడా ఊరందరికీ చూపించుకోవాలా అని పళ్లు నూరుకున్నాను. అడవిలోకి వచ్చాక మాత్రం చెప్పులు చేతబట్టుకుని మాకంటే ముందు నడిచింది. ఏటా అడవులు తిరిగే మా ఆయన వెనకాల రొప్పుతూ వచ్చాడు.

కార్వేటినగరంలో పైకప్పు పోయిన గదిలో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగాలని ఫ్లాస్కు తెచ్చుకున్నాను. మూత తీసేలోపే వదిన ఫోన్ మోగింది. రెండు ముక్కలు మాట్లాడి లేచింది.

"గుడి మూసేస్తారంట, దా మే."

తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి చేరింది. ఇక ఆగలేక అరిచేశాను.

"ఇంతమంది దేవుళ్లను ఏం అడుగుతా ఉండావు వదినా? నా వారం నాకిచ్చేయమని అడుగు!"

ఆమె దారంతా కారు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పులికాట్‌కు పొద్దున్నే చేరాం. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. దూరంగా రాజహంసలు మెడలు వంచి మేస్తున్నాయి. వదిన చెయ్యి చాచింది కాబట్టి బైనాక్యులర్లు ఇచ్చాను. ఇక తిరిగివ్వలేదు.

"ఎంత తీరుబడిగా తింటా ఉండాయో సూడు మే" అంది.

ఫోన్ మోగింది. ఆమె తీయలేదు. మళ్లీ మోగింది.

"తీయక్కా" అన్నాడు మా ఆయన.

"తీస్తే మావోడు ఏ గుడి అంటాడు. ఈడ గుడి లేదు గదరా."

"లేకపోతే ఏమి?" అన్నాను.

"గుడి అంటేనే పంపినాడు మే. దినమూ ఒక ఫోటో పెట్టాల. లేదంటే ఊరికే తిరిగేదానికి పోయినావా, బస్సెక్కి వచ్చెయ్ అంటాడు."

వారమంతా నేను తిట్టుకున్నది దేవుళ్లను. తిట్టాల్సింది ఆ వెధవను. ఇంతలో మా ఆయన ఫోన్ మోగింది. అదీ వాడే. ఆయన పక్కకు జరిగి, "గుడి కాడే ఉండాంలేప్పా. మీయమ్మ లోపలుండాది" అని మెల్లగా చెప్పాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. తోడబుట్టిన అక్కను నాలుగు పక్షులు చూడనిచ్చినందుకు మేనల్లుడికి సంజాయిషీ ఇస్తున్నాడు, అదీ అబద్ధమాడి.

"నువ్వు అడవికి పోతే ఎవరికి పెట్టినావు ఫోటో?" అని అరిచాను. రోడ్డు మీది జనం తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

వదిన వచ్చి తమ్ముడి చేతిలోని ఫోన్ లాక్కుంది.

"మీ మామ అబద్ధం సెప్తా ఉండాడు. గుడీ లేదు, ఏమీ లేదు. కొంగల్ని సూస్తా ఉండాను. ఊరికే."

అవతలి నుంచి కేకలు మాకూ వినిపించాయి. ఆమె కాసేపు విని, "యా బస్సురా? నేనింకా సూడల్యా" అంది. ఫోన్‌ను అలాగే తమ్ముడి చొక్కా జేబులో పెట్టి, బైనాక్యులర్లు మళ్లీ కళ్లకు ఆనించుకుంది. జేబులోంచి వాడింకా అరుస్తూనే ఉన్నాడు.