అత్తగారు బయట పెట్టించిన కుంపటి

మా అత్తగారు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ మంగళవారం పొద్దున పాలు తాగి, "కాసేపు ఇలా కూచుంటానమ్మా" అని గోడకి ఆనుకున్నారు. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి ఊపిరి లేదు.

ధవళేశ్వరం దగ్గర కాలవ గట్టున మా ఇల్లు. పదిహేడో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఆవిడ ముప్పయ్యేళ్ళకు పైగా కట్టెల పొయ్యి మీదే వండారు. సరుగుడు కట్టెలు, కొబ్బరి మట్టలు, వానాకాలంలో అవి కూడా తడివే. నేను వచ్చేనాటికి గ్యాసు ఉంది గాని, అది టీకీ కూరకీ. అన్నం, వేణ్ణీళ్ళు పొయ్యి మీదే. కట్టెల మీద వండిన అన్నం రుచే వేరు అనేవాళ్ళం అందరం. ఆ రుచి కోసం పొగలో కూచునేది మాత్రం ఆవిడ ఒక్కరే.

దగ్గు ఎంతకీ తగ్గకపోతే నేనే రాజమండ్రి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "చుట్టలు కాలుస్తారామ్మా?" అని అడిగారు.

"లేదండి. కట్టెలు కాల్చానండి."

ఆయన నవ్వలేదు. పొగలో పిండి కన్నా సన్నటి నుసి ఉంటుందనీ, కంటికి కనబడని ఆ నుసి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి ఉండిపోతుందనీ, గుండెకూ చేటేననీ, పసివాళ్ళకి నిమ్ము చేసే ప్రమాదం పెరుగుతుందనీ విడమరిచి చెప్పారు. ఆ చివరి మాటకి ఆవిడ తలెత్తి, "మళ్ళీ చెప్పండి బాబూ" అన్నారు. మర్నాడు గునపం తీసుకుని వంటింట్లో పొయ్యి తవ్వేశారు. ఆయాసపడుతూ, ఆగి ఆగి, మమ్మల్ని ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా.

అంత పట్టుదల ఎందుకో నాలుగేళ్ళ క్రితం మా చిన్నది పుట్టినప్పుడు గాని నాకు తెలియలేదు. పురుటికి సాయంగా వచ్చిన మా అమ్మ, బాలింతకి చలి తగలకూడదని గదిలో కుంపటి పెట్టి, కిటికీకి దుప్పటి కప్పింది. అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. ఆ కుంపటి బయట పెట్టించండి."

అమ్మకి కోపం వచ్చింది. "మనం కనలేదాండీ? పెంచలేదా?"

"కన్నామండి. నా రెండోవాడు మూడో నెలలో రొప్పి రొప్పి పోయాడు. వాడి పక్కన కుంపటి ఉండేది. దానివల్లే పోయాడో కాదో నాకు తెలీదండి. తెలీదు కాబట్టే మళ్ళీ పెట్టలేను."

మా ఆయనకి ఒక తమ్ముడుండేవాడని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ కుంపటిని తనే ఎత్తి బయట పెట్టింది.

ఆ తర్వాత మా వీధిలో ఎవరింట పురుడొచ్చినా అత్తగారు వెళ్ళేవారు. ఆ ఆయాసంతో నాలుగిళ్ళ దూరానికి రెండుచోట్ల కూచోవాలి. అయినా వెళ్ళేవారు. ఉపన్యాసాలేం లేవు. "పొయ్యి వసారాలోకి జరపమ్మా. నీళ్ళు కాగేదాకా పిల్లని నాకియ్యి" అనేవారు. గ్యాసు కొనలేనివాళ్ళని పల్లెత్తు మాట అనలేదు. "కట్టెలు తప్పకపోతే ఎండువి పెట్టుకో. చంకలో పిల్లతో మాత్రం పొయ్యి ఊదకు" అనేవారంతే. చాదస్తమని కొందరు వెనక నవ్వుకున్నారని నేను నొచ్చుకుంటే, "నవ్వనియ్యమ్మా, నవ్వడానికీ ఊపిరుండాలిగా" అన్నారు.

అత్తగారిని మట్టి చేసిన రోజు సమాధుల తోటకి ఆ తల్లులంతా వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే చంకల్లోని పిల్లలు ఒక్కొక్కరే కిందికి జారి, సమాధుల మధ్య ఒకళ్ళనొకళ్ళు తరుముకోవడం మొదలుపెట్టారు. గొంతెత్తి కేకలు వేస్తూ, తోట చివరిదాకా పరుగెత్తి, మళ్ళీ వెనక్కి పరుగెత్తుకొస్తున్నారు. వాళ్ళని ఎవరూ ఆపలేదు.