అమ్మ వేసిన బర్రె

నిన్న కామారెడ్డిలో మా అమ్మాయి రంగుల పెట్టె తెరవగానే, ఆ తడి వాసనకు ఎల్లారెడ్డి బడి గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో డ్రాయింగ్ సారు నెలపాటు రోజుకో నీటిరంగుల బొమ్మ వేసే పోటీ పెట్టారు. ఒక్కరోజు తప్పినా పోటీలోంచి తీసేస్తారు.

పన్నెండో రోజు నాకు జ్వరమొచ్చి కుంచె పట్టలేకపోయాను. "నేనేస్త తీ బిడ్డా, నువ్వు పండుకో," అంటూ అమ్మ బీడీలు చుడుతున్న చాట పక్కన పెట్టింది. ఎన్నడూ బడికి వెళ్లని అమ్మ, వానలో తడుస్తున్న బర్రెను వేసింది. నా కళ్లకు అది వంకరగా కనిపించింది.

నెలాఖరున సారు నా ముప్పై బొమ్మల్లోంచి దాన్నే పైకెత్తి చూపించారు. "నిజంగ వాన పడ్తున్నట్టే ఉన్నది. నువ్వే ఏసినవా?"

"నేనే సార్."

నిజం చెబితే నా నెలంతా వృథా అవుతుందనుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "నా బర్రెను జూసి సారు నవ్విండా?"

"నవ్విండు," అన్నాను.

"నాకేమొస్తది బిడ్డా," అని అమ్మ కూడా నవ్వింది. మళ్లీ ఎన్నడూ కుంచె ముట్టలేదు.

బడిలో భయపడి అబద్ధమాడాను. ఇంట్లో మాత్రం, అమ్మ బొమ్మ నా బొమ్మలకంటే బాగుందని ఒప్పుకోలేక ఆడాను.