నైరుతి గోడ మీద అనుమానం

మా బావ యేసురాజు ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేశాడు. రిటైరయ్యాక టికెట్లు పోయాయి, అనుమానం మిగిలింది. అనుమానం పెనుభూతమంటారు. మా బావది దానికి పెద్దన్న.

ఆయన మౌలాలిలో స్థలం కొన్నది మా అక్క దేవకృప కోసమే. రాంగోపాల్‌పేట్‌లో వాళ్ల పై అంతస్తు అద్దె ఇల్లు వేసవిలో పెనంలా కాలుతుంది. రెండేళ్లుగా మే నెల వస్తే అక్క కళ్లు తిరిగి పడిపోతోంది. ఆ వేడిలో ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పేశాడు.

ఏసీ లేకుండానే చల్లగా ఉండే ఇంటికి ఆర్కిటెక్టు నీహారిక ప్లాను గీసి తెచ్చింది. బావ దాన్ని వెలుతురుకు పట్టి మరీ చూశాడు.

"ఆగ్నేయంల వంటిల్లు. ఈశాన్యం ఖాళీ. నైరుతిల మందం గోడ, మెట్లు, స్టోర్ రూమ్. గిది వాస్తు కాదా?"

"కాదంకుల్. పడమటెండ ఆ గోడ దగ్గరే ఆగిపోవాలి. బెడ్‌రూమ్ దాకా రావద్దు."

"సూర్యుని పేరు జెప్పి చాటుగ వాస్తు పెడుతున్నవ్. రేపు చర్చిల నా ముఖమెట్ల చూపియ్యాలె?"

ఆ పిల్ల ఎంత చెప్పినా బావ వినలేదు. పడకగదిని నైరుతికి మార్చి, పడమటికి పెద్ద కిటికీ పెట్టమన్నాడు. క్రైస్తవుల ఇల్లని దూరం నుంచే తెలియాలట! వాస్తు కూడా యజమాని పడకగదిని నైరుతిలోనే పెట్టమంటుందని ఆయనకు తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఏప్రిల్ ఎండలో, సాయంత్రం నాలుగింటికి, అక్క బావనూ నన్నూ స్థలానికి తీసుకెళ్లింది. నైరుతి మూల రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఒకదాంట్లో తను కూర్చుంది.

"కూసోండి. గిదే కదా మన బెడ్‌రూమ్."

పది నిమిషాలకే బావ చొక్కా తడిసిపోయింది. "లే కృపా, పోదాం. మళ్లా కళ్లు తిరుగుతయ్."

"తిరిగితే మీరు నమ్ముతరా?" అంది అక్క. "పోయినేడు నేను పడిపోతే, మీ చెల్లెలింటికి వచ్చుడిష్టం లేక నాటకమాడుతున్నవా అన్నరు. ముందు గదే అన్నరు. నీళ్లు ఆ తర్వాతిచ్చిన్రు."

ఈ సంగతి నాకూ తెలియదు. బావ మీద కోపం రావాల్సింది, జాలేసింది. ఆయన తలెత్తలేదు. మెల్లగా లేచి, అక్కకు పడమటి వైపు వెళ్లి నిలబడ్డాడు. ఆయన నీడ ఆమె ముఖం మీద పడింది.

"ప్లాను ఉన్నదున్నట్టే కట్టమని చెప్తా," అన్నాడు.

అక్క అడిగింది మాత్రం ప్లాను గురించి కాదు. ఆమె అప్పుడే లేవలేదు.