తండ్రి పేరు మీది తుపాకీ

"...మామయ్య పోయి మూడేళ్ళయింది. ఇంకా ఎన్నాళ్ళు బతికిస్తారు ఆయన్ని?" అంటోంది భార్య. గడియారాల మేస్త్రీ తలెత్తకుండా తుపాకీని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. "నిజం చెబితే తీసేసుకుంటారే. పట్నంలో ఉండేవాడికి కొత్త లైసెన్సు ఇవ్వరు," అన్నాడు చివరికి. దుకాణంలో అతని నోట అబద్ధం రాదు. ఏ గడియారం మరలు ఆ గడియారం మూతలోనే పోసుకుంటాడు. మార్చేసిన పాత ముల్లు కూడా పొట్లం కట్టి ఇచ్చేస్తాడు. ఏడాదికొక్కసారి మాత్రం, లైసెన్సు పొడిగింపు కాగితం మీద, అదే చేత్తో తండ్రి సంతకం వణుకుతో సహా దించుతాడు. తండ్రి చెంప ఆనించి ఆనించి తుపాకీ చెక్క ఒకచోట నున్నబడింది. అక్కడికొచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో గుమాస్తా తుపాకీ నంబరు సరిచూసి, కాగితం మీద ముద్ర వేసి, "పెద్దాయన మోకాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగాడు. తండ్రి రాలేకపోవడానికి పోయినేడు మేస్త్రీ చెప్పిన సాకు అది. "అలాగే ఉన్నాయండీ," అన్నాడు, చెవులు వేడెక్కుతుండగా. గుమాస్తా సొరుగులోంచి తైలం సీసా తీసి చేతిలో పెట్టాడు. "మా అమ్మకి గుణమిచ్చింది. మీరొస్తే ఇద్దామని దాచాను. పడుకునే ముందు మీరే రాయండి, కొడుకు చెయ్యి పడితే ఆ సుఖం వేరు."

ఇంటికొచ్చాక మేస్త్రీ తుపాకీని బీరువాలో పెట్టలేదు, గుమ్మం పక్కనే నిలబెట్టాడు. సీసా మూత తీయకుండా చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "పనైందా?" అంది భార్య, మంచినీళ్ళు అందిస్తూ.

"రేపు మళ్ళీ వెళ్తాను," అన్నాడు. "నాన్న పోయారని చెప్పి, తుపాకీ ఇచ్చేసి వస్తాను."