యాడికని అడిగిన సర్వే

నాకు నడుము నొప్పి. ఈ గోలంతా దాని కోసమే కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఇల్లు ప్రొద్దుటూరులో, పాఠాలు చెప్పే బడి జమ్మలమడుగులో. పొద్దున బస్సులో సీటు దొరకడం మాట దేవుడెరుగు, రెండు కాళ్లూ ఒకేసారి కింద పెట్టే చోటు దొరికితే అదే మహాభాగ్యం. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురులో పెట్టి చూసి, బస్సులో నిలబడటమైనా మానెయ్, ఉద్యోగమైనా మానెయ్ అన్నాడు. బదిలీ అడిగితే ఖాళీ లేదన్నారు. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు. మానేసి ఇంట్లో కూర్చోవాలంటే ఏడుపొచ్చేది.

సరిగ్గా అప్పుడే పెద్ద బస్సుల మాట బయటికొచ్చింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెరిగి పెరిగి ఒకే మహానగరం అయిపోతాయట. మూడింటినీ కలుపుతూ రెండు బస్సులు అతికించినంత పొడవు బస్సులు తిప్పుతారట, వాటికి వేరే దారి కూడా వేస్తారట. బజారులో దానికి మెట్రో అని పేరు పెట్టేశారు. స్టేషను తన మిద్దె మీదికే వస్తుందని, ఇక బట్టలు ఆరేసుకునే చోటుండదని మా పక్కింటామె దిగులుతో అన్నం మానేసింది.

ఎంతమంది ఎక్కడికి పోతున్నారో లెక్క తేలితేనే బస్సులు వచ్చేది. మా దగ్గర ఏ లెక్కయినా టీచర్లదే. ఓట్లకు మేమే, జనాభాకు మేమే. వేసవి సెలవుల్లో నన్ను ప్రొద్దుటూరు బస్టాండులో వేశారు, అదీ నిలబడే పనే. నాకు తోడుగా కోస్తా నుంచి ఒక కుర్ర ఇంజినీరు వచ్చాడు. నోరు తెరిస్తే అండీ, మూస్తే అండీ. అతని చేతిలోని ట్యాబులో మొదటి ప్రశ్న, "ఎక్కడికి వెళ్తున్నారు?"

అది చూడగానే, ఈ మాట మాత్రం అడగొద్దన్నాను. బయల్దేరిన మనిషిని యాడికని అడిగితే ఇంకేమైనా ఉందా? పోయే పని చెడినట్టే. మాది చర్చికి పోయే ఇల్లు, శకునాలు లేవంటాం. అయినా ఎవరైనా యాడికని అడిగితే మా అమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఒక ప్రార్థన చేసుకుని మళ్లీ బయల్దేరేది. కండక్టర్లు కూడా టికెట్ టికెట్ అంటారే గాని ఆ మాట అనరు. ఇదంతా చెప్తే ఇంజినీరు నవ్వి, "ప్రశ్న హెడ్డాఫీసు నుంచి వచ్చిందండీ, మార్చకూడదండీ" అన్నాడు.

మొదట దొరికింది పంచె కట్టిన ఒక పెద్దాయన. కొడుక్కు పిల్లను చూడ్డానికి ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని బస్సెక్కబోతున్నాడు. ఇంజినీరు అడిగేశాడు. పెద్దాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు.

"ఏమప్పా, మంచి పనికి పోతాంటే యాడికంటావా? నీకు పెద్దోళ్లు లేరా?"

అందరూ వెనక్కి తిరిగి ఇంటికి పోయారు. మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని, మళ్లీ వచ్చారు. మా ఇంజినీరుకు ఎండలో మొహాలు గుర్తుంటేనా! ఎదురెళ్లి మళ్లీ అడిగాడు. ఈసారి పెద్దాయన భార్య ట్యాబు లాక్కుని తన చేతిలోని పూలబుట్టలో పడేసింది. "ఇంగ ఈ సమ్మందం కుదరకపోతే ఆ పిల్లను నువ్వే చేసుకోవాల, చెప్తాండా" అంది. అతను నిజంగానే భయపడి, తనకు పెళ్లయిందని చెప్పుకుని ట్యాబు వెనక్కి తీసుకున్నాడు.

ఈ సంగతి ఊరంతా పాకి, సాయంత్రానికి బస్టాండు బోసిపోయింది. బస్సులు ఖాళీగా పోతున్నాయి. ట్యాబులో ప్రయాణికులే లేరు. ఇట్లయితే పెద్ద బస్సు కాదు కదా, ఉన్న బస్సు కూడా తీసేస్తారు.

"అయ్యా, 'దూరమా?' అని అడుగు. మేం అట్లే అడుగుతాం" అని బతిమాలాను. మర్నాడు అట్లే అడిగాడు. జనం మొహాలు విప్పారాయి. "ఆ, దూరమే అప్పా" అని నవ్వుతూ చెప్పారు. పక్కనే ఉన్న చాపాడుకు పోయేవాళ్లూ దూరమే, పెద్దముడియం పోయేవాళ్లూ దూరమే. పోయే ఊరు చెప్పకపోవడమే కదా ఆ మాటలో మర్యాద. ఇంజినీరు ట్యాబులో అందరికీ దూరం అనే నొక్కాడు.

కడపలో మీటింగు పెట్టారు. పెద్దాఫీసరు తెర మీద రంగురంగుల గీతలు చూపించి, "ఈ ప్రాంత ప్రజలు దగ్గరి ప్రయాణాలు చేయరు. అందరిదీ దూర ప్రయాణమే" అని తేల్చాడు. నేను లేచి, "సార్, అది ఉత్త మాట వరసకు" అన్నాను. ప్రశ్నలు చివర్లో అన్నారు. చివర్లో భోజనాలు పెట్టారు.

పొడవు బస్సులు రాలేదు, వేరే దారీ రాలేదు. బడులు తెరిచేనాటికి ప్రొద్దుటూరు నుంచి బెంగుళూరుకు ఒక కొత్త బస్సు వేశారు. అది జమ్మలమడుగు, పులివెందుల మీదుగా పోతుంది. వెనక్కి వాలే మెత్తటి సీట్లు, నీళ్ల సీసా, దుప్పటి. పొద్దున సరిగ్గా నా బడి టైముకే. అంత పెద్ద బస్సులో జమ్మలమడుగుకు టికెట్ తీసుకున్నది నేనొక్కదాన్నే. సీటు వెనక్కి వాల్చి నడుము ఆనించగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కళ్లు తెరిచేసరికి పులివెందుల బస్టాండు. కండక్టరు నా సీటు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంతకుముందు మా పొద్దున బస్సులో చేసిన మనిషే.

"జమ్మలమడుగు దాటి ఎంతసేపయింది? లేపొచ్చు గదప్పా!" అని అరిచాను.

"జమ్మలమడుగులోనే లేపుదామని వచ్చినా టీచరమ్మా" అన్నాడు. "ఇన్నేండ్లలో నువ్వు కూచ్చోంగా చూసింది ఇదే మొదలు. లేపేదానికి చేతులు రాల్యా."