వీరాచారిగారి చేతులు

పదిహేను రోజుల కిందట, ఎనిమిదో తరగతికి పద్యం చెబుతూ ఉండగా బంట్రోతు వచ్చి, ఆఫీసు గదిలో నాకు ఫోను వచ్చిందన్నాడు. అవతల వీరాచారిగారి భార్య సూరమ్మగారు. "మీ ఆచారిగారు పొద్దున్నే పోయారండి, మేష్టారూ" అన్నారామె, అంతే. ధవళేశ్వరం కాలవగట్టు మీద నలభై ఏళ్ళపాటు ఇనప మేకు అన్నది ముట్టకుండా కుర్చీలు చేసిన దారుశిల్పి, నా గురువు వీరాచారిగారు అస్తమించారన్న సంగతి బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది. తిరిగి తరగతిలోకి వెళ్ళాను గానీ పద్యం ముందుకు సాగలేదు.

ఊళ్ళో ఎవరు పోయినా నాలుగు సమాసాలు పేర్చి సంస్మరణ రాసిపెట్టమని నా దగ్గరికే వస్తారు. తెలుగు మేష్టర్ని గదా. 'అజాతశత్రువు', 'నిరాడంబరమూర్తి' లాంటి మాటలు నా జేబులో ఎప్పుడూ సిద్ధం. ఈ ఒక్క వ్యాసానికి మాత్రం కలం కదల్లేదు. ఎందుకో ఇందులోనే చెబుతాను.

తొంభైల నాటి మాట. అప్పటికి నాకు నలభై ఏళ్ళు. ఇంట్లో కుర్చీ కాలు ఊగుతోందని తీసుకెళ్ళి, ఆయన బాగుచేస్తుంటే చూస్తూ రెండు గంటలు నిలబడిపోయాను. "నాకూ నేర్పుతారా, ఆచారిగారూ?" అంటే నా అరచేతులు తిప్పి చూశారు. "సుద్దముక్క పట్టే చేతులండి ఇవి. అయినా ఆదివారాలు రండి, చూద్దాం" అన్నారు. మొదటి మూడు నెలలూ ఉలి నూరడంతోనే సరిపోయింది. నూరిన ఉలికి ముంజేతి మీద వెంట్రుక తెగితే పని, లేకపోతే మళ్ళీ సానరాయి. పిల్లల చేత గుంజీలు తీయించే నేను అక్కడ నోరెత్తకుండా కూర్చునేవాణ్ణి.

ఆయన వృత్తినిష్ఠ అటువంటిది. ఒకసారి ఒక పెద్ద రైతు, దర్జాగా ఉండే కుర్చీ చెయ్యమని డ్రైవరుతో కబురు పెట్టాడు. "అయ్యగారి మోకాలి ఎత్తెంతండి?" అని అడిగారు ఆచారిగారు. డ్రైవరు తెల్లమొహం వేశాడు. "కూర్చునేది ఆయన కదండీ. ఒకసారొచ్చి ఈ బల్ల మీద కూర్చుని వెళ్ళమనండి. కొలత లేకుండా నేను చెక్క ముట్టను" అన్నారు. వారం తిరక్కుండా ఆ రైతు స్వయంగా వచ్చి, పంచె పైకి మడుచుకుని, బుద్ధిగా కొలత ఇచ్చి వెళ్ళాడు.

కోయించిన చెక్క నీడపట్టున రెండేళ్ళు ఆరాలన్నది ఆయన నియమం. శిష్యుడు చేసిన మొదటి కుర్చీ ఏడాదిపాటు పాక చూరు కింద ఉండాలన్నది మరొకటి. వానాకాలపు తేమకి ఉబ్బి, రోహిణికార్తె ఎండకి ఎండి, అప్పటికీ కీళ్ళు కదలకపోతేనే వాడు పనివాడు. ఒక చెక్క కొసన చెక్కిన కుసి మరో చెక్కకి తొలిచిన బెజ్జంలో దిగి కూర్చోవడమే కీలు. దానికి అడ్డంగా ఒక వెదురు సీల. అంతే, ఇనుము మాట లేదు. "నా మాట నమ్మకండి, మేష్టారండి. చెక్క ఏం చెబితే అది నమ్మండి" అనేవారు.

నేను సహజంగానే తొందర మనిషిని. ఆరునెలల కిందట కోయించిన నిద్రగన్నేరు చెక్కతోనే మొదలుపెడతానన్నాను. "పచ్చి ఇంకా పోలేదండి, ఆగుదురూ" అన్నారు. ఆగితేనా? పాతకాలపు నమ్మకాల మీద ఓ ఉపన్యాసం దంచాను. ఆయన నవ్వి, "సరే, చెయ్యండి. నాదే పొరపాటేమో, చెక్కే చెబుతుంది" అన్నారు. చెయ్యి తిరిగిన పనివాళ్ళలో ఆ మాట అనగలిగిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

నా కుర్చీ చూరు కింద ఉండగానే వానాకాలం గడిచింది. రోహిణికార్తెలో ఆచారిగారు, సూరమ్మగారు ద్రాక్షారామంలో పెళ్ళికి వెళుతూ పాక తాళం నాకిచ్చారు. వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుని చూద్దును గదా, వెనక కాలి కీలు వదులైంది. నాకు ఒళ్ళు మండింది. అంత ఉపన్యాసం దంచి ఇప్పుడు ఓడిపోవడమా? రాజమండ్రి వెళ్ళి రెండు ఇనప మరమేకులు కొనుక్కొచ్చి, అడుగు నుంచి బిగించి, రంపంపొట్టు జిగురులో కలిపి పైన పూసేశాను. ఆరాక చూస్తే నాకే కనిపించలేదు.

ఆయన తిరిగొచ్చి, కుర్చీని రెండు చేతులా పట్టుకుని ఊపారు. కదల్లేదు. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించారు. "రెండేళ్ళు రెండేళ్ళని ఇన్నాళ్ళూ నేనే అతి చేశానండి. మేష్టారు నాకే పాఠం చెప్పారు" అన్నారు. అనుమానించడం ఆయనకు రాని విద్య. నేను వినయం నటిస్తూ చేతులు కట్టుకు నిలబడ్డాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తరవాత మా ఊరి గ్రంథాలయానికి ఎనిమిది కుర్చీలు కావాలన్నారు. ఎక్కడ చూసినా ప్లాస్టిక్ కుర్చీలు దిగిపోతున్న రోజులవి. ఆ పని దొరికినందుకు ఆయన పడిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆరునెలలు ఆరిన చెక్కతోనే ఎనిమిదీ చేశారు. చెప్పేద్దామని రెండుసార్లు కాలవగట్టు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేశాను. రెండో వేసవికల్లా ఎనిమిదీ ఊగాయి. పేపరు చదువుకుంటున్న ఓ పెద్దాయన వెనక్కి పడ్డాడు. గ్రంథాలయంవాళ్ళు ఆ కుర్చీలు వెనక గదిలో పడేసి ప్లాస్టిక్‌వి తెచ్చుకున్నారు.

ఆయన చెక్కని తప్పుపట్టలేదు. చెక్క మంచిదేనని నా కుర్చీ సాక్ష్యం చెబుతోంది కదా. ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టి అడిగారు. "అదే చెక్క, అదే ఆరుదల. మీది నిలబడింది, నావి ఊగాయి. నా పనిలో తప్పెక్కడ జరిగిందంటారు, మేష్టారండి?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏ దేవుడూ ఇవ్వడు. నేనేమన్నానో తెలుసా? "వయసండి, ఆచారిగారూ" అన్నాను.

ఆయన తలూపి, ఉలులన్నీ తుడిచి పెట్టెలో పెట్టేశారు. మళ్ళీ బయటికి తియ్యలేదు.

మొన్న పెద్దకర్మ నాడు సూరమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "ఆయన గురించి రాస్తారట గదండీ. చివర్లో చేతులు పోయాయని మాత్రం రాయకండి. ఆయనకి అదొక్కటే సిగ్గు" అన్నారు. అప్పుడిక ఉండబట్టలేక ఆ మరమేకుల సంగతి మొత్తం ఆమెతో చెప్పేశాను. పాఠకులకీ అదే చెబుతున్నాను. ఆ మహనీయుడి హస్తకౌశలం కడదాకా నిర్దుష్టం. ఆయన పనిలో తప్పు లేదు, నేను ఆయనకి చూపించిన రుజువే దొంగది. అలాంటి చేతులు ఈ గోదావరి గట్టున మళ్ళీ పుట్టవు. ఉన్నవాటిని ఆపేసింది నేను. గురువుగారి పాదాల దగ్గర పెట్టడానికి నా దగ్గర ఈ నిజం తప్ప మరేమీ లేదు. అదీ ఆలస్యంగా తెచ్చాను.

సూరమ్మగారు నన్ను తిట్టలేదు. "మూడేళ్ళండి, మేష్టారూ" అన్నారు. "పొద్దున్నే లేచి, ఆ చేతులే చూసుకుంటూ కూర్చునేవారు."