ఆగు దొరా, దస్తానాలు!

లడాయి నుంచి తిరిగొచ్చాక మా పెద్దబాపు దుబ్బయ్య అంటే సిద్దిపేటలో అందరికీ హడలే. మనిషి మంచివాడే. కానీ ఎవరు గడప దాటినా వెనక నుంచి "ఆగు! దస్తానాలు!" అని కేకేసేవాడు. పోయేవాళ్లను వెనక నుంచి పిలవకూడదని పసిపిల్లలకూ తెలుసు. చింతమడకకు నా సంబంధం మాట్లాడటానికి బాపు వాళ్లు బయలుదేరితే వాళ్లనూ పిలిచాడు. సంబంధం కాస్తా తప్పిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"నీ నోట్ల మన్నువడ, పెద్దబాపూ! ఎందుకు పిలిచినవ్?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. నలభై మూడులో నూలు దొరక్క మగ్గం మూలపడితే పటాలంలో చేరాడట. బర్మా దిక్కున యుద్ధవిమానాల దగ్గర పని. ముడులు వేసే మగ్గం చేతులు కదా, పైలట్ దొరను సీటుకు పట్టీలతో బిగించే పని అప్పజెప్పారు. పెట్రోలు ట్యాంకు పైలట్ ముందే ఉంటుంది. మంటంటుకుంటే ముందు కాలేది చేతులూ మొఖమూ. అందుకే ఎంత ఉక్కపోసినా కళ్లద్దాలు, చేతులకు తోలు దస్తానాలు తొడుక్కోవాల్సిందే.

"గా దినం దొర దస్తానాలు నా చేతికిచ్చి అద్దాలు తుడుసుకున్నడు. ఇద్దరం మరిచినం. నేను రెక్క మీదికెల్లి కిందికి దిగినంక సూస్తే నా చంకల్నే ఉన్నయి. ఇంజిను ఇంకా షురూ కాలే, పిలిస్తే ఇంటుండె. లడాయికి పోయేటోన్ని ఎనుకకెల్లి ఎట్ల పిలుస్తనే? గమ్మునున్న."

విమానం మంటలతో వచ్చి దిగింది. పైనున్న అద్దాల మూతను లోపలి నుంచి లాగాలి. కాలిన వేళ్లతో దొర లాగలేక లోపలే కాలిపోయాడట.

"అద్దాలు వెట్టుకున్నడు గద, కండ్లు మంచిగనే ఉండె. నన్నే సూసిండు."

ఆ దస్తానాలు మా ఇంట్లో దూలానికి వేలాడేవి. వానాకాలంలోనూ వెచ్చగా ఉంటాయని పెద్దమ్మ లచ్చవ్వ వాటిని ముట్టేది కాదు. నేను నమ్మక ఒకసారి వేలు దూర్చాను. అప్పుడే ఎవరో విప్పినట్టున్నాయి.

ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం ఆయన వాటిని పట్టుకుని జగదేవ్‌పూర్ బాటలో ఉరికాడు. "ఆగు దొరా! ఆగు!" పెద్దమ్మా నేనూ వెంటపడ్డాం. బాట మీద నరమానవుడు లేడు. ఉన్నట్టుండి నిలబడి రెండు చేతులూ ముందుకు చాచాడు. మేం చేరేసరికి దస్తానాలు లేవు. తుప్పలన్నీ వెతికాం.

ఆయన ఏడుస్తున్నాడు. "ఆగిండే! నా దిక్కు మల్లి చేతులు సాపిండు. తొడిగిన."

పెద్దమ్మ ఆయన చేతులు పట్టుకుని చూసింది. పది వేళ్లూ బొబ్బలెక్కి ఉన్నాయి.